ఫోన్లో మోత... బూత్‌లో లెక్క

2023 నవంబరులో కొల్లాపూర్ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఆ నియోజకవర్గంలో మాజీ మంత్రి జూపల్లి కృష్ణారావు కాంగ్రెస్ తరఫున, సిట్టింగ్ ఎమ్మెల్యే బీరం హర్షవర్ధన్‌రెడ్డి బీఆర్ఎస్ తరఫున తలపడ్డారు. ఎక్కడెక్కడి తెలుగువాళ్ల ఫోన్లలోనూ తిరిగింది మాత్రం వాళ్లిద్దరూ కాదు, విజిల్ గుర్తు మీద ఒంటరిగా నిలబడ్డ కర్నె శిరీష. జనం నోట బర్రెలక్క. డిగ్రీ చదివినా నోటిఫికేషన్లు పడటం లేదు, అందుకే బర్రెలు కొనుక్కుని కాసుకుంటున్నా అని ఆమె తీసిన చిన్న వీడియో అంతకు రెండేళ్ల ముందే ఊరూరా పాకింది. దాని మీద పోలీసు కేసు కూడా పడింది. ఎన్నికల్లో నామినేషన్ వేసేసరికి ఆ అమ్మాయి రెండు రాష్ట్రాల నిరుద్యోగ యువతకు సొంత మనిషైపోయింది. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగితే హైకోర్టు కలగజేసుకుని భద్రత కల్పించమని చెప్పింది. సీబీఐ మాజీ జేడీ లక్ష్మీనారాయణ వచ్చి ఆమె కోసం ఊళ్లు తిరిగారు. యానాం నుంచి మాజీ మంత్రి మల్లాడి కృష్ణారావు లక్ష రూపాయలు పంపారు.

డిసెంబరు 3న పెట్టెలు తెరిచారు. ఆమెకు పడ్డవి 5,754 ఓట్లు. నాలుగో స్థానం. డిపాజిట్ దక్కలేదు.

ఫోన్లో చూసేదంతా ఉత్తదేనని ఆ రోజు చాలామంది తేల్చేశారు. నేను ఆ మాటకు ఒప్పుకోను. పార్టీ లేదు, పంచడానికి డబ్బు లేదు, వెనక పెద్ద కుటుంబం లేదు. అలాంటి మనిషి దగ్గరికి 5,754 మంది నడిచి వచ్చి మీట నొక్కారంటే అది ఒక్క ఫోనుతో మొదలైన పని. ముప్పై ఏళ్ల కిందట అలాంటి అభ్యర్థి పేరు పక్క మండలం దాకా కూడా వెళ్లేది కాదు. అయితే ఆమెను చూసినవాళ్లలో అత్యధికులకు కొల్లాపూర్‌లో ఓటు లేదన్నదీ అంతే నిజం. చూసేవాళ్లు వేరు, ఓటేసేవాళ్లు వేరు. ఇంటర్నెట్ మన ఎన్నికలకు ఏం చేసిందో అర్థం చేసుకోవాలంటే ఈ తేడాను వదలకుండా పట్టుకోవాలి.

గోడల మీంచి గ్రూపుల్లోకి

2004లో ప్రధాని వాజపేయి గొంతు రికార్డు చేసి ఇంటింటి ఫోన్లకు పంపినప్పుడు జనం వింతగా విన్నారు. ఆ ఎన్నికల్లో ఆయన ప్రభుత్వం ఓడిపోయింది. 2009లో జయప్రకాశ్ నారాయణ్ లోక్‌సత్తాకు బ్లాగుల్లో, ఈమెయిళ్లలో, విదేశాల్లోని తెలుగు కుర్రాళ్లలో వచ్చిన ఊపు అంతా ఇంతా కాదు. ఉద్యోగాలకు సెలవు పెట్టి వచ్చి కరపత్రాలు పంచినవాళ్లున్నారు. గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే. అప్పట్లో నెట్ ఎక్కువగా నగరంలో చదువుకున్నవాళ్ల చేతిలోనే ఉండేది కాబట్టి, సీటు కూడా అక్కడే వచ్చిందనుకోవచ్చు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా చౌకైంది. కూలిపనికి వెళ్లే మనిషి జేబులోకీ వీడియో వచ్చేసింది. అక్షరం రానివాళ్లకు కరపత్రంతో పనిలేదు, వీడియో చాలు. తెలుగు రాజకీయ ప్రచారం అసలు మారింది ఆ తర్వాతే. 2019లో వైకాపా 'రావాలి జగన్ కావాలి జగన్' పాట, 2023లో బీఆర్ఎస్ 'గులాబీల జెండలే రామక్క' పాట సభల్లో మోగినదానికంటే రీల్స్‌లో ఎక్కువ మోగాయి. రామక్క పాటకైతే ఏ పార్టీవాళ్లని చూడకుండా పెళ్లి బరాతుల్లో చిందులేశారు. పాటతో ప్రచారం తెలంగాణకు కొత్త కాదు, ఉద్యమమే పాట మీద నడిచింది. కాకపోతే అప్పుడు గోచీ కట్టి గజ్జె కట్టిన కళాకారుడు ఊరికి రావాల్సి వచ్చేది.

ఇంకొకటి మన దగ్గరే ఇంతగా పెరిగింది: 'పబ్లిక్ టాక్'. ఒక కుర్రాడు, ఒక మైకు, ఒక సెల్‌ఫోను. రచ్చబండ దగ్గరో, టీ కొట్టు దగ్గరో నిలబెట్టి 'ఈసారి ఎవరొస్తారన్నా?' అని అడగడం. పెద్ద ఛానళ్లు ఏనాడూ పట్టించుకోని కౌలురైతు, ఉపాధి కూలి, పింఛను అందని ముసలమ్మ తమ మాట తాము చెప్పుకున్నది ఈ వీడియోల్లోనే. దాన్ని నేను చిన్న విషయంగా చూడను. కానీ పదిమందిని అడిగి ఏ ఆరుగురిని చూపించాలన్నది కెమెరా వెనకవాళ్ల చేతిలో ఉంటుంది. ఒకే ఊళ్లో, ఒకే అరుగు మీద, రెండు ఛానళ్లకు రెండు గాలులు వీస్తాయి. ఏ ఛానల్ వెనక ఏ నాయకుడి డబ్బుందో తెర మీద ఎక్కడా రాయరు.

ఆన్‌లైన్ హోరును ఓట్లుగా లెక్కేసుకున్నవాళ్లకు 2019 ఆంధ్రప్రదేశ్ గట్టి పాఠం. ఫోన్లలో జనసేన కుర్రాళ్ల సందడిని మించింది లేదు. ఫలితాల్లో వచ్చింది రాజోలు ఒక్కటే. పవన్ కల్యాణ్ భీమవరంలోనూ, గాజువాకలోనూ ఓడిపోయారు. అదే పార్టీ 2024లో 21 అసెంబ్లీ స్థానాల్లో పోటీ చేసి 21కి 21, రెండు లోక్‌సభ స్థానాలకు రెండూ గెలిచింది. అభిమానుల ఉత్సాహం 2019లోనూ అంతే ఉంది. మారింది పొత్తు, బూత్ దగ్గర పనిచేసే మనుషులు, ఓటు బదిలీ. ఇవి స్క్రీన్ మీద కనపడే సంగతులు కావు.

విదేశాల్లోని తెలుగువాళ్ల సంగతీ చూడాలి. అక్కడ కూర్చుని రాత్రంతా ఊరివాళ్లకు వాట్సాప్ కాల్స్ చేసి ఎవరికి వేయాలో చెప్పేవాళ్లు, ప్రచారానికి డబ్బు పంపేవాళ్లు మనకు కొదవలేదు. వాళ్ల ఓటు మాత్రం ఆన్‌లైన్‌లో పడదు. పాస్‌పోర్టు పట్టుకుని సొంత బూత్‌కు రావాల్సిందే. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశం మొత్తంలో నమోదైన ప్రవాస ఓటర్లు 1,19,374 మంది. వచ్చి ఓటేసినవాళ్లు 2,958 మంది, అందులో 2,670 మంది కేరళవాళ్లే. అదే 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద టోల్‌గేట్ల దగ్గర ఓటేయడానికి సొంతూళ్లకు వెళ్లేవాళ్ల కార్లు బారులు తీరాయి. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటేసినవాళ్లు సగం కూడా లేరు, 48 శాతం చిల్లర. చేతిలో ఫోను, ఇంట్లో వైఫై, నడిచివెళ్లే దూరంలో బూత్, అన్నీ ఉన్న నగరం అది. సమాచారం అందకపోవడం వల్ల ఓటు పడటం లేదని ఇక అనలేం. ఊరితో పేగుబంధం ఉన్నవాడు 300 కిలోమీటర్లు వెళ్లాడు. వార్డు కార్పొరేటర్ పేరు కూడా తెలియనంత తెగిపోయినవాడు ఇంట్లోనే ఉండిపోయాడు.

ఖర్చు ఎవరి ఖాతాలో?

అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు మించి ఖర్చు పెట్టకూడదని మన రాష్ట్రాల్లో పరిమితి. పార్టీలకు పరిమితే లేదు. సోషల్ మీడియా ఖర్చును కూడా లెక్కలో చూపాలని, అభ్యర్థి తన ఖాతాల వివరాలు అఫిడవిట్‌లో ఇవ్వాలని, ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే చెప్పింది. కంటెంట్ తయారీకి అయ్యే డబ్బు, పనిచేసేవాళ్ల జీతాలు కూడా అందులోకి వస్తాయి. కాగితం మీద ఇది మంచి నిబంధన. కాని అభ్యర్థి పేరు ఎక్కడా లేకుండా 'మన నియోజకవర్గం', 'జనం గొంతు' లాంటి పేర్లతో నడిచే పేజీలో వచ్చే ప్రకటన ఎవరి ఖాతాలో రాయాలి? వంట వీడియోలు చేసుకునే ఆవిడ మధ్యలో ఒక నాయకుడి పథకం గురించి రెండు ముక్కలు చెబితే, దానికి ముట్టిందెంత? పరిశీలకుడు మైకు ఆటోలను లెక్కపెట్టగలడు, కుర్చీలు, బిర్యానీ పొట్లాలు లెక్కపెట్టగలడు. ఈ పేజీల దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు ఖాళీ.

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆపాలన్న నియమానిదీ ఇదే అవస్థ. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ రాసినప్పుడు ప్రచారమంటే సభ, ఊరేగింపు, సినిమా తెర. ఓటరుకు రెండు రోజులు నిమ్మళంగా ఆలోచించుకునే సమయం ఇవ్వాలన్నది ఉద్దేశం. 2019 ఎన్నికలకు ముందు ఇంటర్నెట్ కంపెనీలు స్వచ్ఛంద నియమావళి ఒకటి రాసుకున్నాయి, మౌనకాలంలో ఎన్నికల సంఘం చెప్పిన అంశాలను మూడు గంటల్లో తీసేస్తామని. గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డ్‌ను అది ఆపలేకపోతోంది. డబ్బు పంపిణీ కబుర్లు, కులాల లెక్కలు, ఆఖరి నిమిషం పుకార్లు ఊపందుకునేది సరిగ్గా ఆ రెండు రాత్రుల్లోనే.

ఒక కత్తెర చాలు

2023 నవంబరు 30, తెలంగాణ పోలింగ్ రోజు. కాంగ్రెస్‌కు ఓటేయమని బీఆర్ఎస్ నాయకుడు కేటీఆరే చెబుతున్నట్టున్న వీడియో ఒకటి బయటికొచ్చింది. కృత్రిమ మేధతో తయారుచేసిన అబద్ధం అది. ఓటర్లు వరుసల్లో నిలబడి ఉన్న వేళ, ఖండించడానికి కూడా వ్యవధి లేని వేళ దాన్ని వదిలారు. ఐదు నెలల తర్వాత, లోక్‌సభ ఎన్నికల మధ్యలో, కేంద్ర హోంమంత్రి అమిత్ షా వీడియో దుమారం రేగింది. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని ఆయన అన్నారు. ఆ ముక్కను కోసి, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లన్నీ తీసేస్తామన్నట్టు అతికించారు. ఢిల్లీ పోలీసులు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డికి కూడా నోటీసులిచ్చారు, పలువురు సోషల్ మీడియా కార్యకర్తలు అరెస్టయ్యారు. నకిలీని పార్టీలు మూడు గంటల్లో తొలగించాలని ఎన్నికల సంఘం 2024 మే 6న ఆదేశించింది. ఒక మతాన్ని కించపరిచే కార్టూన్ వీడియోను తీసేయించమని ఆ మర్నాడే ఎక్స్ సంస్థకు చెప్పింది, అది కర్ణాటక బీజేపీ పెట్టినది.

వీటిలో అమిత్ షా వీడియో ఉదంతమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. కేటీఆర్ వీడియోకు కొత్త సాంకేతికత కావాలి. చేవెళ్ల ప్రసంగాన్ని కోయడానికి కత్తెర చాలు. గొంతు ఆయనదే, సభ నిజమే, కాబట్టి అనుమానం రాదు. కృత్రిమ మేధ గురించి మనం పెడుతున్న గగ్గోలులో ఈ పాత కత్తెర మరుగున పడుతోంది.

నకిలీల భయాన్ని అడ్డం పెట్టుకుని నోళ్లు మూయించే పద్ధతీ ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ గద్దె మీద ఉన్నా, పోస్టు పెట్టినందుకు, ఫార్వర్డ్ చేసినందుకు తెల్లవారుజామున తలుపు కొట్టడం మామూలైపోయింది. ఐటీ చట్టంలోని 66-ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసినా, వేరే సెక్షన్లు దొరుకుతున్నాయి. నకిలీ తయారుచేసే వార్ రూమ్‌కు లాయర్లుంటారు. దాన్ని నమ్మి పంపిన పల్లెటూరి మాస్టారికి ఎవరుంటారు?

వెబ్‌సైటు మీదే ఓట్లు

ఇంటర్నెట్ ప్రచార సాధనంగా ఉండటం ఒక ఎత్తు, అదే ఎన్నికల అంశం కావడం ఇంకో ఎత్తు. తెలంగాణలో 2023లో అదే జరిగింది. 2020 అక్టోబరులో మొదలైన భూరికార్డుల పోర్టల్ ధరణి ఊరూరా చర్చయింది. అది లేకపోతే రైతుబంధు ఎలా పడుతుందని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సభల్లో అడిగారు, బంగాళాఖాతంలో కలుపుతామని కాంగ్రెస్ చెప్పింది. పాస్‌బుక్‌లో పేరు తప్పుపడి, నిషేధిత జాబితాలో భూమి చిక్కుకుని, మీసేవ చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ తిరిగిన రైతుకు ఆ పోర్టలే ప్రభుత్వం. తహసీల్దారుతో వాదించొచ్చు, తెరతో వాదించలేడు. ఆ ఉక్రోషం ఓటైంది. తర్వాతి ప్రభుత్వం 2025 ఏప్రిల్ 14న భూభారతిని తెచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 మార్చి నెలాఖరున గ్రామ, వార్డు వలంటీర్లను పింఛన్ల పంపిణీ నుంచి పక్కన పెట్టినప్పుడు, వాళ్ల దగ్గరున్న ఫోన్లు, ట్యాబ్‌లు కూడా జిల్లా ఎన్నికల అధికారి దగ్గర జమ చేయాలని ఎన్నికల సంఘం చెప్పింది. 50 ఇళ్లకు ఒకరు చొప్పున ప్రతి గడపలో ఎవరు ఏం పొందుతున్నారో ఆ పరికరాల్లో ఉందన్న ఎరుక ఆ ఆదేశం వెనక ఉంది. ప్రభుత్వం పోగేసిన వివరాలు పార్టీ చేతికి వెళ్లకుండా కట్టడి చేసే ఏర్పాటు ఎన్నికలప్పుడే కాదు, మిగతా నాలుగేళ్ల పదకొండు నెలలూ ఉండాలి.

జాబితాలో పేరు, బూత్‌లో కెమెరా

రీల్స్, పాటలు, ట్రోలింగ్ మన కళ్లను ఎంతగా కట్టిపడేస్తున్నాయంటే, ఇంటర్నెట్ పౌరుడికి నిజంగా బలం ఇచ్చే చోటు మనకు కనపడటం లేదు. అది రికార్డుల దగ్గర ఉంది. ఓటర్ల జాబితా, అభ్యర్థి అఫిడవిట్, బూత్‌వారీ లెక్క, పోలింగ్ కేంద్రం దృశ్యాలు. వీటికి లైకులు రావు. ఎన్నిక నిలిచేది మాత్రం వీటి మీదే.

2018 డిసెంబరు 7న తెలంగాణలో ఓటేయడానికి వెళ్లిన వేలమందికి జాబితాలో పేరు లేదు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా వాళ్లలో ఉన్నారు. తన పేరు అంతకుముందు ఆన్‌లైన్‌లో చూసుకున్నానని ఆమె చెప్పారు. ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ ఓటర్లకు క్షమాపణ చెప్పారు. 2015లో ఓటరు కార్డును ఆధార్‌తో కలిపే కార్యక్రమం సమయంలో జరిగిన తొలగింపుల మీద హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి కోర్టుకెక్కారు. ఆ కార్యక్రమాన్ని 2015 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత ఆపేశారు, అప్పటికే పోయిన పేర్లు పోయాయి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం ఆపద. ఓటు తీసేయమని కోరే ఫారం-7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో దరఖాస్తు వెళ్లిందో ఆ మనిషికే తెలియని సందర్భాలు బయటపడి పోలీసు కేసులు పెట్టారు. కొత్తగా 18 ఏళ్లు నిండినవాళ్లకు నమోదు సులువు చేసిన అదే వెబ్‌సైటు, ఇంకొకరి ఓటు మీద వేటు వేయడాన్నీ సులువు చేసింది.

కెమెరా కథ పల్నాడుది. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎం పగిలింది. పగలగొట్టింది ఎవరో బయటి ప్రపంచానికి వారం దాకా తెలియలేదు. వెబ్‌కాస్టింగ్ దృశ్యాలు మే 21న సోషల్ మీడియాలోకి రావడంతో సిట్టింగ్ ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఈవీఎంను నేలకేసి కొడుతున్నది దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం కఠిన చర్యలకు ఆదేశించింది, జూన్‌లో ఆయన అరెస్టయ్యారు. బూత్ దౌర్జన్యాలకు పేరుమోసిన ఆ ప్రాంతంలో దశాబ్దాలుగా ఎందరో ఏజెంట్లు దెబ్బలు తిని, సాక్ష్యం లేక నోరు మూసుకున్నారు. ఈసారి సాక్ష్యం గోడకు బిగించి ఉంది.

ఇలాంటి దృశ్యాలు సామాన్యుడికి దొరికే దారి ఆ తర్వాత ఇరుకైంది. 2024 డిసెంబరు 20న కేంద్రం ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 93వ నిబంధనను సవరించింది. ఎలక్ట్రానిక్ రికార్డులు ప్రజలు అడిగి చూసే పత్రాల్లోకి రాకుండా పోయాయి. ఎన్నికపై పిటిషన్ లేకపోతే 45 రోజుల తర్వాత ఫుటేజీ చెరిపేయొచ్చని 2025 మే నెలలో ఎన్నికల సంఘం రాష్ట్రాలకు రాసింది. ఓటర్ల గోప్యత, ఫుటేజీని వక్రీకరించి దుష్ప్రచారం చేసే ప్రమాదం ఇందుకు కారణాలని చెప్పింది. ఎవరు ఓటేశారో, ఎవరు వేయలేదో కెమెరా చూసి ఊళ్లో వేధించే ప్రమాదం నిజమే. ఆ భయాన్ని నేను తోసిపుచ్చను. కాని పార్టీల ప్రచారానికి ఇంటర్నెట్ పగ్గాల్లేకుండా తెరిచి ఉన్నప్పుడు, ఓటరు పరిశీలనకు మాత్రమే తలుపు వేయడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది. ముఖాలు మసకబరిచి ఇవ్వొచ్చు, కోర్టు పర్యవేక్షణలో చూపొచ్చు. మూసేయడం తప్ప దారి లేదంటే నమ్మలేను.

తెరిస్తే ఏం జరుగుతుందో మనకు తెలుసు. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన తీర్పు వల్ల అభ్యర్థుల ఆస్తులు, కేసులు బయటికొచ్చాయి. ఈరోజు ఎవరైనా ఫోన్లో తమ ఎమ్మెల్యే అఫిడవిట్ తెరిచి చదవగలరు. 2024 మార్చిలో ఎన్నికల బాండ్ల వివరాలను కోర్టు బయటపెట్టించినప్పుడు, పీడీఎఫ్‌ల్లో వచ్చిన వేల వరుసలను విలేకరులు, ప్రోగ్రామర్లు, విద్యార్థులు కలిసి కూర్చుని జత చేశారు. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొందని దేశం తెలుసుకున్నది అప్పుడే. సి-విజిల్ యాప్‌లో ఫొటో పెడితే 100 నిమిషాల్లో స్పందన రావాలన్నది నియమం. 2024లో షెడ్యూలు వచ్చిన రెండు వారాల్లోనే 79 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. ఫిర్యాదుకు రుజువు, స్పందనకు గడువు ఉంటే జనం కదులుతారనడానికి ఇంతకంటే ఏం కావాలి?

2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు బిహార్ ఓటర్ల జాబితా సవరణ విషయంలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మన రెండు రాష్ట్రాల ఓటర్లూ గుర్తుపెట్టుకోదగ్గది. ముసాయిదా జాబితా నుంచి తీసేసిన సుమారు 65 లక్షల పేర్లను, ప్రతి పేరుకూ కారణంతో సహా, ఓటరు కార్డు నంబరు కొడితే దొరికేలా జిల్లా వెబ్‌సైట్లలో పెట్టమని కోర్టు చెప్పింది. పంచాయతీ కార్యాలయాల్లో కూడా అంటించమంది. రోజుల వ్యవధిలో ఎన్నికల సంఘం ఆ పని చేసింది. అంటే సాంకేతికంగా అడ్డంకి లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ జాబితా సవరించిన ప్రతిసారీ, తీసేసిన పేర్లు, కారణాలు, ఎవరి దరఖాస్తు మీద తీశారన్నదీ ఇలాగే ఊళ్లో గోడ మీద, ఫోన్లో రెండు చోట్లా కనిపించాలి. పార్టీల వార్ రూమ్‌లకు మనం ఇస్తున్న సమయంలో కొంత ఈ కోరికను గ్రామసభలో, వార్డు కమిటీలో, కలెక్టర్ ప్రజావాణిలో రాతపూర్వకంగా పెట్టడానికి ఇవ్వాలి. సవరణ ముగిసి తుది జాబితా వచ్చాక, పోలింగ్ రోజు ఉదయం ఏడు గంటలకు బూత్ ముందు ఎంత గట్టిగా లైవ్ పెట్టినా పోయిన పేరు ఆ సాయంత్రంలోపు తిరిగి రాదు.